బుల్లీ మాగ్వైర్‌ని చూసి నవ్వుకున్నాం సరే, స్పైడర్‌మ్యాన్ 3ని చూశామా?

నుదుటి మీదికి జుట్టు దించుకుని, నల్ల సూటు తొడుక్కుని, న్యూయార్క్ ఫుట్‌పాత్ మీద భుజాలు ఊపుకుంటూ, ఎదురొచ్చే అమ్మాయిల వైపు వేళ్లని తుపాకుల్లా గురిపెడుతూ వెళ్లే కుర్రాణ్ణి మీరు చూసే ఉంటారు. సినిమా చూడకపోయినా మీమ్ అయినా మీ ఫోన్లోకి వచ్చే ఉంటుంది. ఇంటర్నెట్ అతనికి బుల్లీ మాగ్వైర్ అని పేరు పెట్టింది. సినిమా స్పైడర్‌మ్యాన్ 3. ఆ కుర్రాడు పీటర్ పార్కర్, అంటే ముసుగు తీసిన స్పైడర్‌మ్యాన్. ఆ వేషం వేసింది టోబీ మాగ్వైర్, తీసింది శామ్ రైమీ. 2007 మే 4న విడుదలైంది.

ఆ సినిమా సంగతి ఎత్తితే ఇప్పటికీ గొడవే. బంగారంలాంటి సిరీస్‌ని ముంచేసిందని ఒక వర్గం. చెత్తగా ఉంది కాబట్టే భలే నవ్వొస్తుందని ఇంకో వర్గం. నాకు ఈ రెండో వాళ్లతోనే పేచీ ఎక్కువ. తిట్టేవాళ్లు కనీసం సినిమాని సీరియస్‌గా తీసుకున్నారు. నేననేది ఏంటంటే, ఇందులో నిజంగా చెడిపోయిన భాగాలు ఉన్నాయి. కానీ సినిమా చెడిన చోటు వేరు, జనం ఎక్కువగా తిట్టిన చోటు వేరు. బాగా తిట్లు తిన్న సీన్లే చాలామటుకు ఒళ్లు దగ్గర పెట్టుకుని తీసిన సీన్లు.

నేను మొదటిసారి చూసింది తెలుగు డబ్బింగ్‌లో. ఆ ఏడాది మన దేశంలో ఇంగ్లిష్‌తో పాటు హిందీ, తమిళం, తెలుగు, ఆఖరికి భోజ్‌పురిలో కూడా వదిలారు. వేసవి సెలవులు, ఫ్యాన్లు తిరుగుతున్నా చొక్కా వీపుకి అతుక్కుపోయే హాలు. క్లైమాక్స్‌లో, తనని పెంచిన అంకుల్ బెన్‌ని చంపినవాడు ఎదురుగా నిలబడితే, స్పైడర్‌మ్యాన్ కళ్లనీళ్లు పెట్టుకుని "నిన్ను క్షమించాను" అన్నాడు. నా వెనక సీట్లో ఒకాయన గట్టిగానే అన్నాడు: "ఇదేంట్రా, వదిలేశాడు!"

ఆయన ఆశించిందీ తప్పేం కాదు. అప్పటికి ఎన్నో ఏళ్లుగా మనం ఫ్యాక్షన్ సినిమాలు చూస్తూ ఉన్నాం. అయినవాళ్లని చంపినవాడు చివరి రీల్లో చావాలి, హీరో చేతిలోనే చావాలి, సుమోలు కూడా లేవాలి. టికెట్టు డబ్బులు దానికే. అలాంటి చోట హీరో శత్రువుని వదిలేస్తే బాకీ తీరలేదనే అనిపిస్తుంది. అమెరికాలోనూ చాలామంది ప్రేక్షకులకి అలాగే అనిపించింది, కాకపోతే వాళ్ల విసుగు ఎక్కువగా నల్ల సూటు పీటర్ మీదికీ, విలన్ల సంఖ్య మీదికీ మళ్లింది.

ముందు ఈ సినిమా ఇలా ఎందుకు తయారైందో చూద్దాం. 2004లో వచ్చిన రెండో భాగం విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ తెచ్చుకుంది. సూపర్‌హీరో సినిమాల్లో అంతకన్నా మంచిది లేదనేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. మూడో దానికి రైమీ తన అన్న ఐవన్‌తో కలిసి కథ అల్లుకున్నాడు. అన్నదమ్ములిద్దరితో పాటు ఆల్విన్ సార్జెంట్ స్క్రీన్‌ప్లే రాశాడు. రైమీ మనసు శాండ్‌మ్యాన్ అనే ఇసుక మనిషి మీద ఉంది. అతను చిన్నప్పుడు చదివింది అరవైలూ డెబ్బైల నాటి కామిక్స్. శాండ్‌మ్యాన్ 1963 నాటి విలన్. వెనమ్ అనే కోరపళ్ల నల్ల భూతం కామిక్స్‌లోకి వచ్చింది 1988లో, అంటే రైమీ అప్పటికే సినిమాలు తీస్తున్న మనిషి. వెనమ్‌లో మానవత్వం ఏదీ తనకి కనిపించదని అతను దాచుకోకుండానే చెప్పాడు. కానీ నిర్మాత అవీ అరాడ్, ఈ తరం ఫ్యాన్స్‌కి వెనమే కావాలని పట్టుబట్టాడు. అలా ఒకే పెళ్లికి రెండు ముహూర్తాలు పెట్టినట్టయింది.

ఫలితం తెర మీద తెలుస్తూనే ఉంటుంది. పీటర్ ఒంటికి అంటుకుని నల్ల సూటయ్యే గ్రహాంతర జిగురు ఉల్కలో వచ్చి, అంత పెద్ద భూమ్మీద సరిగ్గా అతని మోపెడ్ పక్కనే పడుతుంది. పీటర్ స్నేహితుడు హ్యారీకి దెబ్బ తగిలి జ్ఞాపకం పోతుంది, కథకి ఎన్నాళ్లు కావాలో అన్నాళ్లే పోతుంది. హ్యారీ తండ్రి ఎలా చచ్చిపోయాడో తెలిసిన నౌకరు బెర్నార్డ్, అన్నేళ్లు నోరు మూసుకుని, క్లైమాక్స్‌కి బస్సు దొరికినట్టు సరిగ్గా అప్పుడే వచ్చి నోరు విప్పుతాడు. అంత ఊరించిన వెనమ్ చిట్టచివర కాసేపు కనిపించి కాలిపోతాడు. ఇవేవీ నేను సమర్థించను. తర్వాతి రోజుల్లో రైమీయే ఈ సినిమాలో తాను తప్పులు చేశానని, పాత్రలన్నిటినీ మనస్ఫూర్తిగా నమ్మలేకపోయానని ఒప్పుకున్నాడు. అయితే దర్శకుడు ఒప్పుకున్నాడు కదా అని కేసు కొట్టేయనక్కర్లేదు. తీసినవాడి చేదు అనుభవం వేరు, తెర మీద మిగిలింది వేరు.

మిగిలిందేంటి అంటే, ఇది పగ గురించిన సినిమా. ఇందులో ప్రతివాడికీ ఇంకొకరి మీద కోపం ఉంది, ఆ కోపానికి ఎంతో కొంత న్యాయమూ ఉంది. తండ్రిని చంపాడని హ్యారీకి పీటర్ మీద. అంకుల్ బెన్‌ని చంపాడని పీటర్‌కి ఫ్లింట్ మార్కో, అంటే శాండ్‌మ్యాన్ మీద. ఉద్యోగం ఊడగొట్టాడని, తర్వాత వెనమ్‌గా మారే ఫొటోగ్రాఫర్ ఎడ్డీ బ్రాక్‌కి పీటర్ మీద. తన బాధ పట్టించుకోలేదని ప్రియురాలు మేరీ జేన్‌కి పీటర్ మీద. విలన్లు ఎక్కువైపోయారని అందరూ లెక్కపెట్టారు. కానీ వాళ్లలో ఏ ఒక్కరూ ఈసారి ఊరిని ఏలడానికో, లోకాన్ని తగలబెట్టడానికో రాలేదు. అందరి వేళ్లూ పీటర్ వైపే ఉన్నాయి. మొదటి సినిమాలో శక్తి ఎక్కువైతే బాధ్యతా ఎక్కువేనని నేర్చుకున్న కుర్రాడికి ఇది దాని తర్వాతి పాఠం. ఊరంతా చప్పట్లు కొడుతున్నప్పుడు నీకు జరిగిన అన్యాయాన్ని ఏం చేసుకుంటావు?

ఆ చప్పట్లు ముఖ్యం. సినిమా మొదలయ్యేసరికి పీటర్‌కి అన్నీ కలిసొస్తున్నాయి. టైమ్స్ స్క్వేర్‌లో పెద్ద తెర మీద తన బొమ్మ చూసుకుని మురిసిపోతాడు. బ్రాడ్‌వే నాటకంలో మేరీ జేన్ పాటని పత్రికలో తిడితే, ఆమె చెప్పేది సగం కూడా వినకుండా, స్పైడర్‌మ్యాన్‌ని కూడా జనం ఒకప్పుడు తిట్టారు తెలుసా అని తన సంగతి మొదలుపెడతాడు. తర్వాత నడివీధిలో, వేలమంది ముందు, క్లాస్‌మేట్ గ్వెన్ స్టేసీ చేత తనకి ముద్దు పెట్టించుకుంటాడు, అదీ తలకిందులుగా వేలాడుతూ. 2002లో వానలో మేరీ జేన్‌తో పెట్టుకున్న ముద్దు అదే. ఆమె ఆ గుంపులోనే నిలబడి చూస్తూ ఉంటుంది. నల్ల జిగురు అతని ఒంటికి అంటుకోకముందే ఇదంతా జరుగుతుంది, ఇది మర్చిపోవద్దు. "సూటు వల్ల చెడిపోయాడు" అనేది పైపై మాట. సూటు తెచ్చిన చెడు ఏమీ లేదు, లోపల ఉన్నదాని గొంతు పెంచింది, అంతే.

ఇక ఆ డ్యాన్సు.

మన సినిమాల భాషలో ఎలివేషన్ అనే మాట ఉంది కదా. హీరో కళ్లద్దాలు తీస్తాడు, జుట్టు మారుతుంది, నడక మారుతుంది, నేపథ్య సంగీతం హోరెత్తుతుంది, వీధిలో అమ్మాయిలంతా వెనక్కి తిరిగి చూస్తారు. రైమీ చేసింది అచ్చంగా అదే, తిరగేసి. అన్ని దినుసులూ ఉన్నాయి: కొత్త జుట్టు, కొత్త సూటు, ఫంక్ పాట, వీధి నడక. ఒక్కటే తేడా, అమ్మాయిలు మొహం చిట్లించుకుని పక్కకి తప్పుకుంటారు. తాను అదిరిపోతున్నానని పీటర్ ఒక్కడే అనుకుంటున్నాడు. జీవితమంతా చదువుల పురుగుగా, బస్సు తప్పిపోయేవాడిగా బతికిన కుర్రాడికి 'స్టైల్' అంటే ఏమిటో ఎక్కడ తెలుస్తుంది? తెలియకుండా స్టైల్ కొడితే ఇలాగే ఉంటుంది. అతని దుర్మార్గం పరాకాష్ఠకి చేరినప్పుడు ఏం చేస్తాడయ్యా అంటే, ఇంటి ఓనరు కూతురు ప్రేమగా చేసిన కుకీలు తింటూ, ఈసారి నట్స్ వేసి చెయ్యమని పురమాయిస్తాడు. ఇది చూసి "ఇదేం విలనిజం" అని విసుక్కున్నవాళ్లు జోకు అర్థం చేసుకోలేదని అనను. వాళ్లకి నల్ల సూటు అంటే భయంకరమైన, అందమైన చీకటి కావాలి. రైమీకి అహంకారం అందంగా కనిపించదు. అతనికి అది వెకిలిగా కనిపిస్తుంది. ఈ విషయంలో నేను అతని పక్షమే. అహం తలకెక్కిన మనుషుల్ని మనం రోజూ చూస్తాం, ఒక్కడూ స్లో మోషన్లో గొప్పగా నడవడు.

ఆ వెకిలితనం జాజ్ క్లబ్బు దాకా వెళ్తుంది. మేరీ జేన్ అక్కడ పాటలు పాడుతూ, ప్లేట్లు అందిస్తూ బతుకుతోంది. పీటర్ గ్వెన్‌ని తీసుకొచ్చి, పియానో వాయించి, బల్లల మీదికి ఎగిరి నాట్యం చేస్తాడు. అప్పటికింకా మనం నవ్వుతూనే ఉంటాం. ఇదంతా మేరీ జేన్‌ని ఏడిపించడానికేనని గ్వెన్‌కి అర్థమై, ఆమెకి సారీ చెప్పి వెళ్లిపోతుంది. బౌన్సర్లు అడ్డమొస్తారు, తోపులాట మొదలవుతుంది, ఆపబోయిన మేరీ జేన్‌కి పీటర్ చెయ్యి తగిలి నేల మీద పడుతుంది. క్లబ్బు నిశ్శబ్దమైపోతుంది. "ఎవరు నువ్వు?" అని ఆమె అడిగితే, "నాకు తెలీదు" అంటాడు. రెండు నిమిషాల ముందు ఆ మనిషిని చూసే మనం నవ్వాం. మీమ్‌గా ముక్కలు కోసేటప్పుడు ఎప్పుడూ ఇక్కడికి రాకముందే కత్తిరిస్తారు.

శాండ్‌మ్యాన్ పుట్టే సీన్‌ని మాత్రం ఈ సినిమా గిట్టనివాళ్లు కూడా మెచ్చుకుంటారు. జైలు నుంచి పారిపోయిన ఫ్లింట్ మార్కో ఓ భౌతికశాస్త్ర ప్రయోగపు గుంటలో పడిపోతాడు. యంత్రం తిరుగుతుంది, ఒళ్లు రేణువులుగా విడిపోతుంది. తెల్లారాక కెమెరా ఇసుకకి ఎంత దగ్గరికి వెళ్తుందంటే, ఒక్కో రేణువూ దొర్లడం కనిపిస్తుంది. కుప్ప కదులుతుంది. లేవబోయి కూలుతుంది. మళ్లీ లేస్తుంది, ఈసారి భుజాలు తెలుస్తాయి, మొహం ఉండీ లేనట్టు ఉంటుంది. ఎదురుగా నేల మీద ఒక లాకెట్. జబ్బుతో ఉన్న కూతురు ఇచ్చింది, లోపల ఆ పిల్ల ఫొటో. అతను చెయ్యి చాస్తాడు. లాకెట్‌కి తగలగానే వేళ్లు పొడిపొడిగా రాలిపోతాయి. చేతికేసి చూసుకుంటాడు. ఆ తర్వాత కండలు బిగించి, ఒళ్లంతా కూడగట్టుకుని, మళ్లీ చాస్తాడు. ఈసారి పిడికిలి నిలబడుతుంది. ఒక్క డైలాగు లేదు. క్రిస్టఫర్ యంగ్ సంగీతం, ఇసుక, అంతే. ఒక తండ్రి తన కూతురి బొమ్మ పట్టుకోవడం కోసం మళ్లీ మనిషయ్యాడు.

అప్పట్లో కంప్యూటర్లో ఇసుక చేయడం మామూలు పని కాదు. సోనీ ఇమేజ్‌వర్క్స్ వాళ్లు దాని కోసం ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. సెట్‌లో మనుషుల్ని ఇసుకలో కప్పాల్సిన షాట్లలో నిజం ఇసుక ప్రమాదమని మొక్కజొన్న కంకుల బెండు పొడి వాడారు. థామస్ హేడెన్ చర్చ్ మొహం చూడండి, రాతిలో చెక్కినట్టు ఉంటుంది, కళ్లు మాత్రం అలిసిపోయి ఉంటాయి. పంతొమ్మిదేళ్లు కావస్తున్నా, వందల కోట్లు పోసి తీసిన తర్వాతి సూపర్‌హీరో సినిమాల్లో ఇంత ఓపికగా ఒక విలన్‌ని పుట్టించిన సీన్ నాకు గుర్తు రావడం లేదు.

ఫ్లింటే అసలు హంతకుడని కథ మార్చడం మీద కూడా చాలా కోపాలున్నాయి. మొదటి సినిమాలో కారు దొంగని పీటర్ తరిమాడు, గోడౌన్లో మూల చేర్చాడు, వాడు కాలు తడబడి కిటికీలోంచి పడి చచ్చాడు. అక్కడితో ఆ లెక్క ముగిసింది కదా, ఇప్పుడు కొత్తగా ఇంకొకణ్ణి తేవడమేంటి అని. కానీ దీని అర్థం కాస్త ఆలోచించండి. పీటర్ స్పైడర్‌మ్యాన్ అయిందే ఆ రాత్రి వల్ల. ఇన్నేళ్లూ తన గురించి తాను చెప్పుకున్న కథలో పెద్ద తప్పు ఉందని అతనికి పోలీస్ స్టేషన్లో తెలుస్తుంది. తాను వెంటాడి చావుదాకా తెచ్చినవాడు తుపాకీ పేల్చినవాడు కాడు. అంటే ఒకసారి పగ తీర్చుకోవడానికి వెళ్లి మనిషిని పొరపడ్డాడు. మామూలుగా అయితే ఇది తెలిసినవాడు ఆగాలి. పీటర్ ఆగడు, ఇంకో మనిషి కోసం బయల్దేరతాడు. సబ్‌వే సొరంగంలో నీళ్ల పైపు బద్దలుకొట్టి ఫ్లింట్‌ని బురదగా కరిగించేస్తాడు. ఆ వార్త మే ఆంటీకి శుభవార్తలా మోసుకెళ్తాడు. ఆమె సంతోషించదు. స్పైడర్‌మ్యాన్ మనుషుల్ని చంపడే అని తెల్లబోతుంది. ఎవరు బతకాలో ఎవరు చావాలో తేల్చడం మన పని కాదంటుంది. భర్తని పోగొట్టుకున్న మనిషి ఆ మాట అంటుంటే పీటర్ దగ్గర జవాబు ఉండదు.

నేను ఈ సినిమాకి అభిమానినైంది రెండో మూడో సారి చూసినప్పుడు, ఒక చిన్న విషయం గమనించాక. ఎడ్డీ బ్రాక్ దొంగ ఫొటో తయారుచేసి పత్రికలో ఉద్యోగం కొట్టేస్తాడు. పీటర్ ఆ దొంగతనాన్ని బయటపెడతాడు. ఎడ్డీ బతిమాలుకుంటాడు, ఇది బయటపెడితే ఇంకే పేపర్లోనూ తనకి ఉద్యోగం రాదని. పీటర్ వెటకారంగా, క్షమించడాలు కావాలంటే వెళ్లి దేవుణ్ణి నమ్ముకోమంటాడు. ఎడ్డీ అక్షరాలా అదే చేస్తాడు. చర్చికి వెళ్తాడు, తల దించి, దేవుణ్ణి ఒకే ఒక్కటి కోరతాడు: పీటర్ పార్కర్‌ని చంపెయ్యి. సరిగ్గా అదే సమయానికి పైన గంట గోపురంలో పీటర్ ఆ నల్ల జిగురుని ఒంటి నుంచి పీకి పారేస్తున్నాడు. అది బొట్టుబొట్టుగా కిందికి కారి ఎడ్డీ మీద పడుతుంది. వెనమ్ పాత్రని రైమీ ఎంత ఇష్టం లేకుండా తీసినా, ఆ పుట్టుక మాత్రం కథలోంచి వచ్చింది. పీటర్ ఇవ్వనన్న క్షమే అతని శత్రువుకి ప్రాణం పోసింది.

ఇప్పుడు క్లైమాక్స్ చూడండి. ఫ్లింట్ ఎదురుగా నిలబడి ఆ రాత్రి ఏం జరిగిందో చెప్తాడు. కూతురు చావుబతుకుల్లో ఉంది, డబ్బు కావాలి, కారు కోసం తుపాకీ చూపించాడు. ముసలాయన తుపాకీ దించి ఇంటికి వెళ్లమని మంచిగా చెప్పాడు. అంతలో తోడుదొంగ పరిగెత్తుకొచ్చి తగిలేసరికి తుపాకీ పేలింది. నన్ను క్షమించమని అడగట్లేదు, అర్థం చేసుకుంటే చాలు అంటాడు. ఎడ్డీ అడిగాడు, పీటర్ ఇవ్వలేదు. ఫ్లింట్ అడగలేదు, ఇచ్చాడు. ఈ రెండు సీన్ల మధ్య ఉన్న దూరమే సినిమా. నేనూ చెడ్డ పనులు చేశానని పీటర్ ముందుగా ఒప్పుకుంటాడు చూడండి, అది ఈ సినిమాలో అతను కష్టపడి సంపాదించుకున్న మాట. క్లబ్బులో అలా పరువు పోగొట్టుకోకపోయుంటే ఆ మాట అనడానికి అతనికి నోరు ఉండేది కాదు.

పోతన భాగవతం చదివినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. నిద్రపోతున్న తన కొడుకుల్ని చంపిన అశ్వత్థామని అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, ద్రౌపది వదిలెయ్యమంటుంది. నాలాగే వీడి తల్లి ఏడవకూడదు అంటుంది. భీముడికి అది రుచించదు, చంపాల్సిందే అంటాడు. మా హాల్లో నా వెనక సీట్లో కూర్చున్నది భీముడేనని తర్వాత అనుకున్నాను. అయితే అక్కడ కృష్ణుడు ఉన్నాడు, మధ్యేమార్గం చెప్పాడు, శిరోమణి తీసుకుని తల గొరిగి పంపించేశారు, ఎంతో కొంత శిక్ష పడింది. ఇక్కడ ఏదీ లేదు. ఫ్లింట్ ఇసుకై గాల్లో తేలిపోతాడు. అతని కూతురు బతికిందో లేదో సినిమా చెప్పదు. ఇది నాకు ఇప్పటికీ లోటుగానే అనిపిస్తుంది. అంత చక్కగా లాకెట్ చూపించినవాడు ఆ పిల్లని మరీ గాలికి వదిలేశాడు.

డబ్బు లెక్క చూస్తే ఇది ఓడిన సినిమా కానే కాదు. దాదాపు 25 కోట్ల 80 లక్షల డాలర్లు ఖర్చయిందని అప్పట్లో చెప్పుకున్నారు, ప్రపంచమంతా కలిపి 89 కోట్లకు పైగా డాలర్లు వచ్చాయి. రైమీ తీసిన మూడింట్లో ఎక్కువ వసూలు చేసింది ఇదే. అయినా దీని మీద పడ్డ ముద్ర పోలేదు. నాలుగో భాగం మొదలుపెట్టి, కథ కుదరక, 2010 జనవరిలో ఆపేశారు. 2012లో కొత్త నటుడితో కథ మళ్లీ మొదటికొచ్చింది. దాంతో ఈ సినిమా చివరి సీనే రైమీ స్పైడర్‌మ్యాన్‌కి ఆఖరి సీనైపోయింది.

మొదటి రెండు సినిమాలూ స్పైడర్‌మ్యాన్ భవనాల మధ్య ఊగుతూ ఎగిరిపోవడంతో మనల్ని ఇంటికి పంపాయి. ఇందులో అది లేదు. స్నేహితుడు హ్యారీని పాతిపెట్టి వచ్చిన పీటర్ మళ్లీ అదే జాజ్ క్లబ్బుకి వస్తాడు. మేరీ జేన్ పాడుతోంది. అతన్ని చూసి పాట ఆపుతుంది. అతను ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాస్తాడు. ఆమె వెంటనే పట్టుకోదు, కాసేపటికి పట్టుకుంటుంది. ఇద్దరూ మెల్లగా నాట్యం చేస్తారు, ముద్దు లేదు, పెళ్లి మాట లేదు. ఇంతకుముందు అతను చిందులేసిన నేల అదే. ఆ రోజు మా హాల్లో ఈ సీన్ వచ్చేసరికి సగం మంది లేచి తలుపుల దగ్గర ఉన్నారు. నేనూ సీటు కింద చెప్పులు వెతుక్కుంటున్నాను.